కవర్ చేయడానికి యూరప్ ఏమైనా సిలబసా?

గత నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదుగురు జూనియర్ల నుంచి వచ్చింది. మాటలు కాస్త అటూ ఇటూ, సారాంశం మాత్రం ఒకటే. "అన్నా, ఇంటర్న్‌షిప్ కన్ఫర్మ్ అయింది. మధ్యలో పది రోజులు ఖాళీ దొరుకుతుంది. యూరప్‌లో చూడాల్సినవి లిస్ట్ పంపవా? ఎనిమిది సిటీలు కవర్ చేద్దామనుకుంటున్నాం."

ఆ "కవర్" అనే మాట దగ్గర ఆగిపోయాను. మనకు అది క్లాస్‌రూమ్‌లో అలవాటైన మాట. ఐదో యూనిట్ కవర్ అయిందా అంటే, సార్ చివరి స్లైడ్ వరకు వెళ్ళిపోయారా అని అర్థం. మనకు ఎక్కిందా లేదా అన్నది వేరే విషయం. పరీక్ష ముందు రోజు రాత్రి ఇంపార్టెంట్ క్వశ్చన్స్ తిరగేసినట్టే మనం యూరప్‌ని కూడా తిరగేస్తున్నామని నా అనుమానం. అనుమానం ఏంటి, నేనే చేశాను కదా. అందుకే ఐదుగురికీ విడివిడిగా జవాబు ఇవ్వకుండా ఇక్కడ రాస్తున్నా. చివరికి లిస్ట్ కూడా ఉంటుంది, కంగారు పడకండి.

పోయిన ఏడాది మేలో మ్యూనిక్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి రెండున్నర నెలల ఇంటర్న్‌షిప్ మీద వెళ్ళాను. ఖర్చులకు ఫెలోషిప్ ఉంది కానీ విమానం టికెట్ డబ్బు ముందు మనమే పెట్టుకోవాలి. నాన్న చీటీ పాడి ఇచ్చారు. మా ఇంట్లో పాస్‌పోర్ట్ ఉన్న మొదటి మనిషిని నేనే. అమ్మ తిరుపతి దాటి వెళ్ళింది లేదు. ఎయిర్‌పోర్ట్‌లో ఆవిడ అన్న మాట ఒక్కటే: "అన్నీ బాగా చూసి రా. నువ్వు చెబితే మేం చూసినట్టే."

జూన్ మొదట్లో సెలవులు కలిసొచ్చాయి. మన కాలేజీ వాళ్ళమే నలుగురం, ఎనిమిది రోజులు, ఐదు నగరాలు. ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, పారిస్, ప్రాగ్, బుడాపెస్ట్. ఎక్సెల్ షీట్‌లో ప్లాన్. రాత్రి బస్సుల్లో నిద్ర, కాబట్టి హాస్టల్ ఖర్చు మిగులు. ప్రతి చోటుకీ నిమిషాలతో సహా కేటాయింపు. ఈఫిల్ టవర్‌కి నలభై నిమిషాలు, లూవ్ర్‌కి రెండు గంటలు. మోనాలిసా ముందు నిలబడటానికి మాకు దొరికింది ఇరవై సెకన్లు. అంతా కలిపి 77 సెంటీమీటర్లు బై 53 సెంటీమీటర్ల చెక్క పలక అది. దానికీ నాకూ మధ్య ఎత్తిన ఫోన్లు ఎన్నో లెక్కపెట్టలేదు. నేనూ ఫోన్ ఎత్తాను మరి.

మ్యూనిక్ తిరిగొచ్చి అమ్మకు నాలుగు వందల ఫొటోలు పంపాను. మర్నాడు ఫోన్ చేసింది. "ఫొటోలు చూశాన్రా, బాగున్నాయి. ఏమేం చూశావో చెప్పు." నేను మొదలుపెట్టాను. "ఈఫిల్ టవర్ చూశామమ్మా." "ఎలా ఉంది?" "పెద్దగా ఉంది." అంతే. ఇంకో మాట రాలేదు. "ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవలు ఉంటాయి." "కాలవలైతే మన దగ్గరా ఉన్నాయి కదరా." ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే తేడా తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చీటీ డబ్బుతో వెళ్ళి, ఇంటిల్లిపాది తరఫున చూసి రమ్మంటే, "పెద్దగా ఉంది" అని చెప్పినవాణ్ణి నేను.

ఆ ఎనిమిది రోజుల్లో నేను చెప్పగలిగింది ఒక్కటి మిగిలింది. అది కూడా ప్లాన్‌లో లేనిది.

ప్రాగ్‌లో మా బస్సు గంటన్నర లేటు. పాత టౌన్ స్క్వేర్‌లో ఖగోళ గడియారం ఒకటి ఉంది, ఓర్లోయ్ అంటారు. 1410 నాటిది. గంట కొట్టేటప్పుడు పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరసగా కదులుతాయి, పక్కన అస్థిపంజరం బొమ్మ గంట లాగుతుంది. నిమిషంలోపే అయిపోతుంది. అది చూడ్డానికి వందలమంది నిలబడతారు, అవగానే వెళ్ళిపోతారు. మేమూ వెళ్ళిపోయేవాళ్ళమే. బస్సు రాలేదు కాబట్టి అక్కడే గట్టు మీద కూర్చున్నాం. జనం పల్చబడ్డాక అసలు గడియారం కనపడింది.

ఆ డయల్ టైమ్ ఒక్కటే చూపించదు. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఏ కళలో ఉన్నాడో చూపిస్తుంది. బయటి చక్రం మీద పాత చెక్ గంటలు ఉంటాయి. ఆ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మన ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, వాళ్ళవి అస్తమయం నుంచి. అంటే మా తాతయ్య పంచాంగంలో వెతికే సంగతులు అక్కడ పళ్ళ చక్రాల మీద గోడకు తిరుగుతున్నాయి. వాళ్ళది సాయన లెక్క, మనది నిరయనం, కాబట్టి రాశి మన పంచాంగంతో అన్ని రోజులూ కలవదు. ఇదంతా అమ్మకు చెబితే పావుగంట వింది. "మరి తిథి కూడా తెలుస్తుందా?" అని అడిగింది. నా ట్రిప్ మొత్తానికి మొదటి నిజమైన ప్రశ్న అది.

అప్పుడే నాకు ఒక కొలత దొరికింది. ఏ నగరానికి వెళ్ళినా ఇదే వాడుతున్నాను: ఫొటో పంపకుండా, మాటలతో, అక్కడికి ఎప్పటికీ వెళ్ళలేని మనిషికి ఆ చోటు గురించి ఐదు నిమిషాలు చెప్పగలనా? చెప్పగలిగితే చూసినట్టు. లేకపోతే కవర్ చేసినట్టు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. మన తెలుగులో యాత్రా రచనకు ఆద్యుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మర్నాటి ఏడు సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. దారి పొడుగునా ఏ మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, ఏం దొరుకుతుంది, జనం ఎలా బతుకుతున్నారు అన్నది రాసి, ఊళ్ళో ఉన్న స్నేహితుడికి పంపాడు. అవే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. ఇంట్లో ఉన్నవాడికి చెప్పాలని చూసేవాడి కళ్ళు వేరేగా పనిచేస్తాయని నాకు అనిపిస్తుంది.

ఇక నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. ఈఫిల్ టవర్ కింద నలభై నిమిషాలు ఉన్నాం అన్నాను కదా. నలుగురిలో ఇద్దరు మెకానికల్, ఇద్దరు సివిల్. ఆ టవర్ మొదటి అంతస్తు కింద, నాలుగు వైపులా, వైపుకి 18 చొప్పున 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లు ఉన్నాయి. ఫూరియర్, లాప్లాస్, లగ్రాంజ్, నావియర్, కూలుంబ్, పాయిసన్, కోరియోలిస్. రెండేళ్ళుగా మనల్ని నిద్రపోనివ్వని పెద్దమనుషులంతా అక్కడే ఉన్నారు. అక్షరాలు ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల ఎత్తు, కింద నుంచే చదవొచ్చు, టికెట్ కూడా అక్కర్లేదు. మేం తల ఎత్తలేదు. కెమెరాలో టవర్ మొత్తం పట్టాలని వెనక్కి వెనక్కి నడుస్తూ ఉన్నాం. ఈ సంగతి ప్రాగ్ బస్సులో ఫోన్‌లో చదివి తెలుసుకున్నాను. అప్పటికి పారిస్ మూడు వందల కిలోమీటర్లు వెనక ఉంది.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. ఆ 72 మందిలో ఒక్క స్త్రీ పేరు కూడా చెక్కించలేదు. సాగే పలకల గణితం మీద పనిచేసి 1816లో ఫ్రెంచ్ అకాడమీ బహుమతి గెలుచుకున్న సోఫీ జెర్మైన్ పేరు సైతం లేదు. ఇనుప కట్టడం మీద ఆవిడ పేరు లేకపోవడం గురించి మా బ్రాంచ్ అమ్మాయిలకు చెప్పి ఉంటే ఒక సాయంత్రమంతా మాట్లాడుకునేవాళ్ళం. ఆ టవర్‌ని అసలు ఇరవై ఏళ్ళ తర్వాత 1909లో విప్పేయాల్సింది. రేడియో ఏంటెన్నాకి పనికొస్తుందని ఉంచేశారు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? "పెద్దగా ఉంది" అన్న వాక్యం కింద ఇంత కథ ఉంది.

జూన్ చివరి వారాంతంలో ఒక్కణ్ణే వియన్నా వెళ్ళాను. మూడు రోజులు, ఒకే నగరం. మొదటి రోజు సాయంత్రం స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్ కొన్నాను. సీటు ధరలో చిన్న ముక్క ఖరీదు. అక్కడ ఒక పద్ధతి ఉంది. మన చోటు గుర్తుకి ఎదురుగా ఉన్న కమ్మీకి స్కార్ఫ్ కట్టి వెళ్ళొచ్చు, దాన్ని ఎవరూ కదపరు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్న జాతి మనది, నాకు అక్కడ క్షణంలో ఇల్లు గుర్తొచ్చింది. పాట భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో అంకం దాకా కాళ్ళు నొప్పులు, తర్వాత కాళ్ళ సంగతే మర్చిపోయాను.

రెండో రోజు 71వ నంబర్ ట్రామ్ ఎక్కి సెంట్రల్ సిమెట్రీకి వెళ్ళాను. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధుల కోసం వెళ్తారు. నేనూ అవి చూశాను. కానీ నా పని ఇంకొంచెం లోపల. లుడ్విగ్ బోల్ట్స్‌మన్ సమాధి. తెల్లరాతి విగ్రహం, దాని పైన ఒక సూత్రం చెక్కి ఉంటుంది. ఎస్ ఈజ్ ఈక్వల్ టు కె లాగ్ డబ్ల్యూ. ఎంట్రోపీ.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నాకు థర్మోడైనమిక్స్ బ్యాక్‌లాగ్ ఉండేది. రెండోసారి రాసి గట్టెక్కాను. ఎంట్రోపీ అనే మాట వింటే నాకు ఆ రీవాల్యుయేషన్ ఫారం గుర్తొస్తుంది తప్ప ఇంకేం గుర్తురాదు. ఆ రాయి ముందు నిలబడితే మొదటిసారి అది ఒక మనిషి ఆలోచన అనిపించింది. అణువులు నిజంగా ఉన్నాయని నమ్మి, వాటి అమరికలు లెక్కపెట్టి ఎంట్రోపీకి అర్థం చెప్పిన మనిషి. ఆయన కాలంలో పెద్దపెద్దవాళ్ళు అణువుల్ని నమ్మలేదు. 1906లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. చాలాకాలంగా మనసు బాగోక బాధపడుతున్నాడు. అణువులున్నాయని అందరూ ఒప్పుకునే ప్రయోగాలు పెరాన్ చేసింది ఆ తర్వాత రెండేళ్ళకే. ఆ రెండేళ్ళ గురించి ఆలోచిస్తూ అక్కడ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. మన హాస్టళ్ళలో ఉండే వాళ్ళకి ఆ రెండేళ్ళు అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి అమ్మకు చెప్పాను. "సమాధి మీద లెక్క రాయించుకున్నాడా?" "ఆయన కాదమ్మా, పోయాక వేరేవాళ్ళు చెక్కించారు." కాసేపు ఆగి అడిగింది: "నువ్వు తప్పిన సబ్జెక్టేనా అది?" "అదే." "అయితే నువ్వొక్కడివే కాదన్నమాట, దానితో కష్టపడింది." నా బ్యాక్‌లాగ్ గురించి మా ఇంట్లో మేం నవ్వుకుంటూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

వియన్నాలో ఇంకో సంగతి కూడా ఆవిడకు బాగా నచ్చింది. ఆ ఊరికి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి. మొదటి కాలువ 1873లో, రెండోది 1910లో పూర్తయ్యాయి. ఊరి దాకా నీళ్ళు రావడానికి పంపులు పెట్టలేదు, వాలు మీదే దిగి వస్తాయి. వీధిలో కొళాయి తిప్పి సీసా పట్టుకుంటే ఆ నీళ్ళే. రోజు విడిచి రోజు మున్సిపాలిటీ నీళ్ళ కోసం తెల్లారుజామున లేచే మనిషికి ఇది అద్భుతం. ఈఫిల్ టవర్ గురించి ఒక్క ప్రశ్న అడగని ఆవిడ, దీని గురించి ఆరు ప్రశ్నలు అడిగింది.

ఇప్పుడు అవతలి పక్షం. మా నలుగురిలో ఒకడితో ఈ విషయం మీద నాకు గట్టిగానే గొడవైంది. "నీకేంరా, నువ్వు ఎమ్మెస్‌కి మళ్ళీ వస్తావు. నేను రాను. మా నాన్న చెరువు మీద అప్పు తీరాలి, నేను ప్లేస్‌మెంట్‌లో చేరిపోతాను. నాకు ఇదొక్కటే ఛాన్స్. ఐదు కాదు, వీలైతే పది ఊళ్ళు చూస్తాను." వాడి మాటలో న్యాయం ఉంది. ఈఫిల్ ముందు వాడు దిగిన ఫొటోను వాళ్ళింట్లో ఫ్రేమ్ కట్టించి టీవీ పక్కన పెట్టారు. దాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. ఆ ఫొటో మీరూ దిగండి. పది నిమిషాలు పడుతుంది. నేనడిగేదల్లా పదకొండో నిమిషంలో తల ఎత్తమని.

కానీ "ఒక్కటే ఛాన్స్" అన్న కారణానికి నా లెక్క తిరగబడుతుంది. ఒకే ఒక్కసారి భోజనానికి పిలిస్తే పది ఇళ్ళలో పది ముద్దలు తింటామా? ఒక ఇంట్లో కూర్చుని తింటామా? మళ్ళీ రాలేనివాడికే నిదానం ఎక్కువ అవసరం. మళ్ళీ వచ్చేవాడు ఈసారి హడావిడిగా చూసినా, ఇంకోసారి సరిదిద్దుకుంటాడు.

సరే, లిస్ట్. పది రోజులుంటే మూడు నగరాలు, అంతకు మించొద్దు.

పారిస్‌కి వెళ్తే ఈఫిల్ కింద పేర్లు చదవండి. పైకి వెళ్ళాలంటే రెండో అంతస్తు వరకు 674 మెట్లు ఎక్కే టికెట్ చవక. ఎక్కేటప్పుడు ఆ రివెట్లను దగ్గరగా చూడొచ్చు, మొత్తం పాతిక లక్షలు ఉన్నాయి. లూవ్ర్‌కి మంగళవారం, ఓర్సే మ్యూజియంకి సోమవారం సెలవు. నేను మిస్సయింది ఆర్ట్స్ ఎ మెటియర్ మ్యూజియం. ఫూకో లోలకం అసలు గుండు, లవోసియే ప్రయోగశాల సామాను అక్కడే ఉన్నాయి. మీరు వెళ్ళి నాకు చెప్పండి. అదీ సోమవారం ఉండదు. "26 ఏళ్ళలోపు వారికి ఉచితం" అన్న బోర్డు చూసి సంబరపడకండి, చాలాచోట్ల అది యూరప్‌లో నివాసం ఉండేవాళ్ళకే.

ప్రాగ్‌లో గడియారం దగ్గరికి గంట కొట్టాక పావుగంటకు వెళ్ళండి. చార్లెస్ వంతెన మీదికి తెల్లారకముందే వెళ్ళండి. 1357లో మొదలైన కట్టడం, 16 ఆర్చీలు. జనం లేనప్పుడే అది వంతెనలా కనపడుతుంది. అక్కడ యూరో కాదు, కొరునా. డబ్బు మార్చేముందు రేటు చూసుకోండి.

వియన్నా గురించి చెప్పాను. ఒపేరాకి జులై, ఆగస్ట్ సెలవులు, అది గుర్తుంచుకోండి.

మ్యూనిక్‌లో ఉంటే డాయిచెస్ మ్యూజియంకి ఒక రోజంతా ఇవ్వండి. దాని రవాణా విభాగం వేరే చోట ఉంది, అందులో 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండి ఉంది. ఇంకో రోజు డహావ్‌కి వెళ్ళండి. నాజీలు 1933లో పెట్టిన మొదటి నిర్బంధ శిబిరం అది. రెండు లక్షల మందికి పైగా ఖైదీలు, నలభై వేల మందికి పైగా మరణాలు. రెండు బ్యారక్‌లు మళ్ళీ కట్టి చూపిస్తారు, మిగతావాటికి పునాదుల గుర్తులే. ప్రవేశం ఉచితం. అక్కడ సెల్ఫీ వద్దు. ఆ సాయంత్రానికి వేరే ప్లాన్ కూడా పెట్టుకోకండి. ఆ రోజు నేను ఇంటికి ఫోన్ చేయలేదు. చెప్పడానికి వారం పట్టింది. నా కొలతకు అది కూడా పాసైనట్టే.

కొన్ని చిల్లర సంగతులు. షెంగెన్ వీసాతో లండన్ కుదరదు, దానికి వేరే వీసా. జర్మనీలో ప్రాంతీయ రైళ్ళన్నిటికీ నెలవారీ టికెట్ ఉంది, దానితో సాల్జ్‌బర్గ్ దాకా వెళ్ళొచ్చు, అక్కడి నుంచి వియన్నాకి వేరే టికెట్. కానీ పదో తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కట్ అవుతుంది. నాకు అయింది. మామూలు టికెట్ కొంటే స్టాంప్ వేయాలేమో చూసుకోండి, తనిఖీ వాళ్ళు మఫ్టీలో వస్తారు, జరిమానా 60 యూరోలు. ఆదివారం జర్మనీలో కొట్లు మూసేస్తారు, బియ్యం శనివారమే కొనండి. ప్లాస్టిక్ నీళ్ళ సీసా పారేయకండి, వెనక్కి ఇస్తే 25 సెంట్లు వస్తాయి. రోజుకి ఒక్క పెద్ద చోటు, ముందే బుక్ చేసుకుని. మిగతా సగం రోజు ఖాళీగా ఉంచండి. నాకు ప్రాగ్ దొరికింది ఆ ఖాళీలోనే.

మొన్న దసరా సెలవులకు ఇంటికెళ్ళాను. అమ్మ కొళాయి దగ్గర బిందె పెట్టి పక్కింటి పిన్నిగారితో మాట్లాడుతోంది. "వియన్నాలో నీళ్ళు మోటారు లేకుండానే వస్తాయి వదినా. కొండ మీంచి, వాలు మీద, వాటంతటవే."

"వస్తాయట" అనలేదు. "వస్తాయి" అంది.